సున్నా రాయాల్సిన చెయ్యి

మా ఆయనతో కాపురం చేయడం కంటే బొగ్గు గనిలో పని చేయడం నయం. అక్కడైనా ప్రమాదం జరిగాకే ఉపన్యాసం ఇస్తారు. మా ఇంట్లో నేను స్టూలెక్కి అటక మీది డబ్బా అందుకోబోతే చాలు, "నాలుగు కాళ్లూ ఆనాయా?" అని ముందు గదిలోంచి కేక. నాకున్నవి రెండేనంటే, నవ్వకుండా వచ్చి స్టూలు ఊపి చూస్తారు. ఏం చేస్తాం, ఉద్యోగం అలాంటిది. రేకు డబ్బాల ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరు.

మా తమ్ముడూ అక్కడే, రేకుల్ని నొక్కి మలిచే ప్రెస్సు మీద పని చేస్తాడు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లోనే భోజనం. మొన్న ఆదివారం కుడిచెయ్యి జేబులోనే ఉంచుకుని ఎడమచేత్తో చెంచా పట్టుకున్నాడు.

"ఏరా, ఎప్పట్నుంచీ ఈ దొరతనం?"

"ఊరికే అక్కా."

"ఊరికే ఎవడూ ఎడమచేత్తో తినడు. తియ్యి బయటికి."

తీశాడు. చూపుడువేలికి గుడ్డ. విప్పితే వేలు వంకాయ రంగులో ఉంది, గోరు కింద చీము. నాలుగు రోజులైందట.

మా ఆయన చేతిలో ముద్ద అక్కడే ఆగిపోయింది. "ఎక్కడ తగిలించుకున్నావ్?"

"మా ఇంటి తలుపు సందులో నలిగింది బావా."

వాడింటి తలుపులు నాకు తెలీనివా! వాటి సందుల్లోంచి పిల్లి దూరిపోతుంది. ఆయన చెయ్యి కడుక్కుని బండి తీయడానికి వెళ్లగానే వాణ్ణి వంటింట్లోకి లాగాను.

ప్రెస్సులోని అచ్చు రేకు మీదికి దిగాలంటే రెండు చేతులతో రెండు బటన్లూ ఒకేసారి నొక్కాలట. చేతులు రెండూ బటన్ల మీద ఉంటే అచ్చు కిందకు పోవు కదా. కానీ పెద్ద రేకు వంగిపోతుంది, ఒక చేత్తో పట్టుకోక తప్పదు. రేకు ఆనించడానికి ఓ బల్ల వేయించమని ఎనిమిది నెలల కిందట వీళ్లు అడిగారు. "పరిశీలనలో ఉంది" అన్నారట మా ఆయన. బల్ల అలా పరిశీలనలో ఉండగానే వీళ్లు ఒక బటన్ నొక్కే ఉండేలా అందులో చెక్కముక్క దిగ్గొట్టి, ఒంటిచేత్తో నడపడం మొదలుపెట్టారు. బావగారు తనిఖీకి వస్తుంటే మొదటి ప్రెస్సువాడు దగ్గుతాడు. చెక్కముక్కలన్నీ జేబుల్లోకి పోతాయి.

"సరే, దెబ్బ తగిలాక చెప్పడానికేం రోగం?"

"బోర్డుందిగా అక్కా."

గేటు దగ్గర 'ప్రమాదం లేని రోజులు' అని ఓ బోర్డు. దెబ్బ తగిలించుకున్నవాడు అందరి ముందూ ఆ అంకె తుడిచి, తన చేత్తో సున్నా రాయాలి. ఈ నిబంధన మా ఆయన సొంత బుర్రలోంచి పుట్టింది. సిగ్గుపడితే జాగ్రత్తపడతారని ఆయన సిద్ధాంతం. సిగ్గు మాత్రం బాగానే పడ్డారు. అంకె రెండొందలు దాటిన రోజు నేనూ పక్కింటావిడ దగ్గర గొప్పలు పోయాను, అది వేరే సంగతి.

"రెండొందల పదకొండు రోజులక్కా. నేను సున్నా చేస్తే షిఫ్టంతా నన్ను బతకనివ్వరు. పైగా బావ పరువు..."

"బావ పరువుకు చీము పట్టదురా. నీ వేలికి పట్టింది."

ఆసుపత్రి వరండాలో ఆయనకు అంతా చెప్పాను.

"నాకెవరూ చెప్పలేదే!" అన్నారు.

"చెప్పినవాణ్ణి బోర్డు దగ్గర నిలబెడితే ఎవరు చెబుతారండీ?"

"నిబంధన మంచిదేనోయ్. అమలులోనే ఎక్కడో..."

తల గోడకేసి కొట్టుకుందామనిపించింది. ముందు హెల్మెట్ పెట్టుకోమంటారని ఊరుకున్నాను.

డాక్టరమ్మ వేలు అటూ ఇటూ తిప్పి చూసింది. మా వాడు పళ్లు బిగబట్టాడు. "చీము ఎముక దాకా పోయిందేమో ఎక్స్‌రే తీయాలి. వేలి కొస దక్కుతుందని ఇప్పుడే చెప్పలేను. మొదటి రోజే వచ్చుంటే రెండు కుట్లతో పోయేది," అంటూ కాగితం ముందుకు లాక్కుంది. "దెబ్బ ఎక్కడ తగిలింది? ఇంట్లోనా, పనిలోనా?"

"ఇంట్లోనేనండీ. తలుపు సందులో," అన్నాడు తమ్ముడు.

"తలుపు ఇలా నలపదే," అని ఆవిడ కలం ఆపింది.

నిజం నా నాలుక చివరిదాకా వచ్చింది. నేను చెబితే అది ఇంటి గొడవ అవుతుంది. చెప్పాల్సిన మనిషి గోడ మీది క్యాలెండరు చూస్తున్నారు. ఆ కాగితం మీద 'ఇల్లు' అని పడితే రేపు పొద్దున బోర్డు మీద రెండొందల పన్నెండు, ఎల్లుండి ఇంకొకడి వేలు.

"రాయమంటారా, ఇల్లని?" అంది డాక్టరమ్మ.

"వద్దండీ," అన్నారాయన. క్యాలెండరు వదిలి ఇటు తిరిగారు. "పనిలోనే. ప్రెస్సు దగ్గర."

"బావా, షిఫ్టువాళ్లు..."

"నువ్వుండవోయ్." ఆయన నావైపు చూడలేదు, వాడి వేలివైపే చూస్తున్నారు. "బల్ల అడిగితే వేయించలేదు. దెబ్బ తగిలినవాణ్ణి పదిమందిలో నిలబెట్టాను. దాచుకోవడం వీళ్లకు నేర్పింది నేనే. తప్పు వీడిది కాదండీ, నాది."