రెండు వేళ్ల వదులు

మా పాప అనూహ్య మడమ మీది కుట్లు విప్పాక, ఆలేరు దవాఖానలో డాక్టరమ్మ దాని పాదాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎముకకు ఏమీ కాలేదమ్మా. ఇక పరుగెత్తనివ్వు" అన్నది. నేను బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని సీసాలో నీళ్లన్నీ తాగేశాను. అంతకుముందు పదిహేను రోజులు నాకు దాహం వేసినట్టే గుర్తు లేదు.

తప్పు నాదే. మా ఊరికి మూడు కిలోమీటర్ల అవతల ఉన్న అంగన్‌వాడీలో నేను ఆయాగా పనిచేస్తాను. మా ఆయన దినేశ్‌ది భువనగిరిలో బట్టల దుకాణంలో పని. ఆరింటికే రైలెక్కుతాడు. పిల్లలిద్దరినీ నేనే సైకిల్ మీద తీసుకుపోయేదాన్ని. రెండేళ్ల శ్రవణ్ ముందు రాడ్డుకు బిగించిన చిన్న సీటులో, నాలుగేళ్ల అనూహ్య వెనక క్యారియర్ మీద. ఆ రోజు పాపకు కునుకు పట్టింది. కాలు జారి మడమ చక్రం పుల్లల్లోకి పోయింది. ఎండిన కంది కట్టె విరిగినట్టు చప్పుడు వినిపించింది. విరిగింది పుల్ల అని తరువాత తెలిసింది గానీ, ఆ చప్పుడు మాత్రం నా చెవిలోనే ఉండిపోయింది.

కుట్లు విప్పించుకుని ఇంటికి రాగానే మా అత్త శారదమ్మ పాపను నా చంకలోంచి తీసుకుంది.

"చాలు తల్లీ నీ కొలువు. ఇంట్ల కూసోని మగ్గానికి నూలు కండెలు చుట్టు. పిల్లల మీద ఇంకో గీత పడ్డదనుకో, నేను ఊకోను."

ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. కానీ అక్కడికి పోతేనే నా పిల్లలు ఇరవై మంది పిల్లల మధ్య కూర్చుని గుడ్డు తింటారు, పాటలు నేర్చుకుంటారు. పగలంతా నేనూ నలుగురితో మాట్లాడతాను. అది మానుకోవడం నాకు ఇష్టం లేదు. పిల్లలను మళ్లీ ఆ క్యారియర్ మీద కూర్చోబెట్టే ధైర్యమూ లేదు.

మా మామ సిద్దిరాములు మగ్గం మీద ఉన్నాడు. అత్త మాట్లాడినంతసేపూ, పోగుల మధ్య అటూ ఇటూ ఆడే ఆయన నాడె ఆగింది. తరువాత మళ్లీ కదిలింది. మర్నాడు పొద్దున చూస్తే వాకిట్లో నా సైకిల్ లేదు.

వారం తరువాత ఆయన సైకిల్ నడిపించుకుంటూ వచ్చాడు. వెనక చిన్న బండి ఒకటి ఉంది. ఊరి బయట వెల్డింగ్ దుకాణం పెట్టుకున్న సాల్మన్‌తో ఇనుప చట్రం చేయించాడట. రెండు పక్కలా పిల్లల సైకిల్ చక్రాలు. మంచానికి అల్లినట్టు నవారుతో అల్లిన సీటు. ఇద్దరికీ భుజాల మీదుగా వచ్చి నడుము దగ్గర కలిసే నవారు పట్టీలు, వాటికి పాత స్కూలు బ్యాగుల బకిల్స్. చక్రాల వైపు చేతులు పోకుండా రెండు పక్కలా వల. వెనక వెదురు పుల్లకు నారింజరంగు చీర ముక్కను జెండాలా కట్టాడు, లారీ వాళ్లకు దూరం నుంచే కనబడాలని.

ఎదురింటి గుర్వమ్మ చేట పట్టుకునే బయటికి వచ్చింది.

"ఏం సిద్దిరాములన్నా, కోడలికి బండి చేపిచ్చినవ్. మరి ఎద్దేదీ?"

"ఎద్దుకే తిరుగుతున్న గుర్వమ్మా. నువ్వొస్తనంటే రేపే కడ్త."

"ఓయమ్మో, నాకు గడ్డి ఎవలు ఏస్తరు!" అని ఆమె నవ్వుకుంటూ లోపలికి పోయింది.

ఇంత పనిలో మామకు ఎక్కువ గర్వం బండిని సైకిల్‌కు కలిపిన చోటు మీద. ఆ పని సాల్మన్‌కు ఇవ్వలేదు. బండి నుంచి వచ్చే రెండు ఇనుప కడ్డీలను క్యారియర్ మీద పెట్టి, గంజిలో నానబెట్టిన తాడుతో తానే కట్టి, ఒక రోజంతా ఎండలో ఆరబెట్టాడు. మేం పడుగుకు గంజి పట్టిస్తాం. ఆరితే పోగు గట్టిపడుతుంది. ఆ తాడు కూడా ఇనుములా బిగుసుకుంది.

"చూడు బిడ్డా" అని రెండు చేతులతో ఊపి చూపించాడు. "ఇంచు గూడ కదలదు. పడుగు ఒదులైతే బట్ట చెడ్తది. ఏడనైనా అంతే."

నేను తల ఊపాను. కానీ స్టాండు తీసి సైకిల్‌ను కొంచెం పక్కకు వంచినప్పుడు, బండి చక్రం ఒకటి వేలెడంత నేల విడిచి లేచింది. మామ చూడలేదు. నేను చూశాను. చెప్పాలనుకుని నోరు తెరిచాను. నవారు అల్లి అల్లి ఆయన వేళ్ల కొసలు ఎర్రగా ఒరుసుకుపోయి ఉన్నాయి. నోరు మూసుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం అందరూ అన్నాలు తిని పడుకున్నాక, రెండు సంచుల్లో ఇసుక నింపాను. ఒకటి పద్నాలుగు కిలోలు, ఇంకొకటి పదకొండు. మా పిల్లల బరువులు నాకు బాగా తెలుసు. నెలనెలా అంగన్‌వాడీలో పిల్లలందరినీ తూకం వేసేది నేనే. సంచులను సీటులో పెట్టి పట్టీలు బిగించి, ఇండ్ల వెనక కళ్లం దగ్గరికి తొక్కుకుంటూ పోయాను.

నేరుగా పోయినంతసేపూ బాగానే ఉంది. కళ్లం చివర మలుపు తిప్పబోయాను. మలుపులో సైకిల్ ఒరగాలి కదా, బండి ఒరగనివ్వలేదు. ఇంకొంచెం బలంగా ఒరిగాను. అంతే, బండి చక్రం గాలిలోకి లేచింది. సైకిల్, బండి, నేను ఒకేసారి పక్కకు పడ్డాం.

లేచి చూశాను. పద్నాలుగు కిలోల సంచి మూతి నేలకు కొట్టుకుని పగిలి, ఇసుక కారుతోంది. ఆ మూతి ఉన్న చోట ఎవరి తల ఉండేదో అనుకోగానే దాన్ని రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను.

వెనక దగ్గు వినిపించింది. మామ. ఎప్పుడు వచ్చాడో. ఆయన నా వంక చూడలేదు, ఇసుక వంకే చూస్తున్నాడు. గొంతుక్కూర్చుని ఆ ఇసుకను దోసిళ్లతో సంచిలోకి ఎత్తసాగాడు.

"నా చేతులతోటి నేనే కట్టిన గదా రోజా" అన్నాడు చివరికి.

ఆ మాట వినలేకపోయాను. ఏదో ఒకటి చెప్పాలి. మగ్గం ముందు కూర్చున్నప్పుడు ఆయన కాళ్లను ఎన్నేళ్లుగా చూస్తున్నానో, అదే నోటికి వచ్చింది.

"మామా, మగ్గం గుంటల కాళ్లతోటి తొక్కే చెక్కలు ఉంటయి గదా. వాటిని గూడ గంజి తాడుతోనే బిగిస్తవా?"

"గవి బిగిస్తె ఎట్ల ఆడతయే పిచ్చిదానా? ఒకటి కిందికి పోవాలె, ఒకటి మీదికి లేవాలె. జర ఒదులు…"

ఆయన ఆగిపోయాడు. దోసిట్లో ఇసుక వేళ్ల సందుల్లోంచి కారిపోయింది. కాసేపటికి ఇసుక చేత్తోనే నుదురు కొట్టుకుని నవ్వాడు.

"నలభై ఏండ్లాయె, కాళ్ల కిందనే పెట్టుకొని తొక్కుతున్న."

ఆ సాయంత్రమే సాల్మన్ దగ్గరికి పోయాం. అతను తాడును కోసి పారేశాడు.

"నేను ఆ రోజే చెప్పబోయిన పెద్దయ్యా. నువ్వేమో ముడి నేనే ఏస్త, నువ్వు ముట్టకు అంటివి."

"అంటిలేవోయ్. ఇప్పుడు ముట్టు."

సాల్మన్ పాత సామాను కుప్పలో వెతికి, ట్రాక్టర్ ట్రాలీని పైకి లేపే జాకీకి నూనె పోయే పైపు ముక్క ఒకటి తెచ్చాడు. మందమైన రబ్బరు, లోపల ఇనుప తీగ అల్లిక. రెండు కడ్డీలకు బదులు ఒకటే కడ్డీని వంచి, కిందికి, వెనక చక్రం ఇరుసు దగ్గరికి తెచ్చాడు. ఇరుసుకూ కడ్డీకీ మధ్య ఆ పైపు ముక్కను బోల్టులతో బిగించాడు. "గుంజితే తెగదు, తిప్పితే తిరుగుతది" అన్నాడు. మామ ఊరుకోలేదు. పైపు తెగినా బండి విడిపోకుండా, చట్రానికీ సైకిల్‌కూ కలిపి నవారు పట్టీ ఒకటి వదులుగా వేశాడు. ఇసుక సంచులు పెట్టి నేను సైకిల్‌ను పడేసి చూశాను. బండి ఒకసారి ఊగి నిలబడింది. నమ్మకం కుదరక మళ్లీ పడేశాను. ఇంకోసారి కూడా.

"అక్కా, సైకిల్ మీద ఏమన్న పగ ఉన్నదా? జర మెల్లగ" అన్నాడు సాల్మన్.

సోమవారం పొద్దున పిల్లలను కూర్చోబెట్టి పట్టీలు పెట్టాను. చున్నీ చక్రంలో పడకుండా నడుముకు చుట్టి పిన్ను పెట్టుకున్నాను. అత్త గడపలో నిలబడి ఉంది. పోయి రా అనలేదు, వద్దనీ అనలేదు. చేతులు మాత్రం కొంగులో నలుపుకుంటోంది. మామ తన పాత సైకిల్ తీశాడు.

"ఫికర్ చెయ్యకు బిడ్డా. నేను ఎంటనే ఉంట."

వెంట ఉంటానన్నాడు గానీ, ఊరు దాటేసరికే బాగా వెనకబడ్డాడు. నేను ఎడమ అంచునే మెల్లగా తొక్కాను. వెనక బరువు ఉంటే బ్రేకు వెంటనే పట్టదని కళ్లంలోనే తెలిసింది కాబట్టి, గుంత కనబడితే దూరం నుంచే పట్టేదాన్ని. అనూహ్య దారిలో కనబడిన ప్రతి మేకనూ పలకరిస్తోంది. శ్రవణ్ ఆమె ఏమన్నా అందులో చివరి మాటను తిరిగి అంటున్నాడు.

కల్వర్టు దాటాక చిన్న దిగుడు ఉంది. దాని కింద మలుపులో, ఎదురుగా పత్తి ట్రాక్టర్ వచ్చింది. పత్తి రెండు పక్కలా ట్రాలీ దాటి ఇండ్ల కప్పులా వేలాడుతోంది. రోడ్డు మొత్తం దానికే సరిపోయింది. డ్రైవర్ జెండాను చూశాడు కాబోలు, వేగం తగ్గించాడు. నేను మట్టి మీదికి దిగాను. అక్కడ కంకర పోసి ఉంది. ముందు చక్రం కంకరలో కూరుకుని తిరిగిపోయింది.

పడ్డాను. మోకాలు, మోచెయ్యి, దాని మీద సైకిల్.

ట్రాక్టర్ ఆగింది. ఇంజన్ చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. పిల్లల ఏడుపు వినబడలేదు. తల వెనక్కి తిప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. మూతి పగిలిన ఇసుక సంచే కళ్ల ముందు ఉంది.

"అమ్మా, గీడెందుకు పన్నవే?"

తల తిప్పాను. బండి రెండు చక్రాల మీద నిలబడి ఉంది. కొంచెం పక్కకు తిరిగింది, అంతే. నారింజ జెండా ఇంకా ఊగుతోంది. అనూహ్య పట్టీ మీద గడ్డం ఆనించి, నేను పడుకున్నాననుకుని నన్ను చూస్తోంది. "పన్నవే" అన్నాడు శ్రవణ్, బిస్కెట్ నములుతూ.

నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. సైకిల్ కింద అలాగే పడుకుని ఉన్నాను. రబ్బరు ముక్క మెలి తిరిగి ఉంది. తెగలేదు. నవారు పట్టీతో పనే పడలేదు.

ట్రాక్టర్ డ్రైవర్ దిగి పరుగెత్తుకొచ్చాడు. "దెబ్బ తాకిందా అక్కా?" అంటూ సైకిల్ లేపబోయి, బండి వంక చూసి ఆగిపోయాడు. "అరే, గిది పడలే ఏంది?"

అప్పటికి మామ అందుకున్నాడు. సైకిల్‌ను రోడ్డు మీదే పడేసి, చెప్పులు ఎక్కడో వదిలేసి వచ్చాడు. ఇద్దరు పిల్లల తలలూ చేతులూ పాదాలూ తడిమాడు. అనూహ్య మడమ రెండుసార్లు తడిమాడు. తరువాత కంకర మీదే కూలబడి తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

"తాతా, మళ్ల పోదాం" అన్నది అనూహ్య.

పోయాం. టీచరమ్మ నా మోకాలికి దూది పెట్టి పట్టీ వేసింది. మిగతా రోజంతా పిల్లలకు అన్నం పెట్టాను, ఆటలు ఆడించాను. మధ్యలో ఒకటి రెండుసార్లు కిటికీలోంచి బండిని చూసుకున్నాను.

సాయంత్రం ఇంటి మలుపు తిరుగుతుంటే పాపతో మెల్లగా చెప్పాను, అవ్వకు నేనే చెప్తానని. వాకిట్లోకి రాగానే అనూహ్య అరిచింది.

"అవ్వా! అమ్మ రోడ్డు మీద పన్నది! మేం పడలే!"

అత్త నా మోకాలి కట్టు చూసింది. పిల్లలిద్దరినీ దింపి, వెలుతురులో నిలబెట్టి, ముందూ వెనకా తిప్పి చూసింది. ఒక్క గీత లేదు. నేను తిట్ల కోసం నిలబడ్డాను. ఆమె నన్ను దాటి సైకిల్ దగ్గరికి పోయింది. హ్యాండిల్ పట్టుకుని ఒక్క తోపు తోసింది. సైకిల్ దభీమని పడింది. బండి నిలబడే ఉంది. ఆమె సైకిల్‌ను లేపి రెండో వైపుకు తోసింది. బండి నిలబడే ఉంది. మూడోసారి గుర్వమ్మను కూడా పిలిచి తోసింది.

"ఓ శారదా, అది ఎద్దు గాదే, సైకిల్! సస్తది!" అన్నది గుర్వమ్మ.

"సావనియ్" అన్నది అత్త. ఆమె గొంతు తేలికపడింది. లోపలికి పోయి పసుపు, నూనె తెచ్చి నా మోచేతికి రాసింది.

మర్నాడు పొద్దున నేను అన్నం గిన్నె సర్దుకుని బయటికి వచ్చేసరికి పిల్లలు అప్పటికే బండిలో ఉన్నారు. అత్త బండి పక్కన కూర్చుని పట్టీలు పెడుతోంది. నిన్న నేను శ్రవణ్ పట్టీని బాగా బిగించానట, వాడి మెడ కింద చర్మం ఎర్రబడిందని గొణుక్కుంటోంది. బకిల్ కొంచెం జరిపి, పట్టీకీ వాడి రొమ్ముకూ మధ్య తన రెండు వేళ్లు దూర్చి చూసుకుంది.

"మొలతాడు కట్టినట్టు కట్టాలె. రెండు వేళ్లు పట్టాలె. బిగువైతే పిల్లగాడికి నొస్తది, ఒదులైతే జారతడు" అన్నది నా వంక చూడకుండా. "మీ మామ గీ సంగతి నన్నడిగితే మొదటి రోజే చెప్పకపోదునా?"

లోపల మగ్గం మీద నాడె ఒక్క క్షణం ఆగింది.

"టైమైతాంది, పో" అన్నది అత్త. "మెల్లగ పో."