ఒక్క గది, ముప్పై సీట్లు

మొదట్లో నా చేతిలో ఉన్నది ఇంతే: నాలుగు గదులు, ఒక వరండా, ఐదుగురు టీచర్లు, రెండు వందల ముప్పై ఒక్క మంది పిల్లలు. వాళ్ళలో మా నీలిమ ఒకర్తె, ఒకటో తరగతి. మా వీధి మునిసిపల్ ప్రాథమిక పాఠశాలకి నేను పేరెంట్స్ కమిటీ ఛైర్మన్‌ని. కాబట్టి తీర్మానాల కింద పెట్టే ఒక సంతకం కూడా ఉంది.

నా పేరు మన్మథరావు. పలాసలో జీడిపిక్కల వ్యాపారం. కంచిలి, నందిగాం తోటల్లో పిక్క కొని, ఎండబెట్టి, ఫ్యాక్టరీలకి వేస్తాను. బడిలో ఆ రద్దీకి సగం కారణం నేనే. మూడేళ్ళు ఇంటింటికీ తిరిగి, కాన్వెంటు మాన్పించి పిల్లల్ని ఇక్కడ చేర్పించాను. పిల్లలు వచ్చారు. గదులు రాలేదు. ఐదో తరగతి వరండాలోనే నడుస్తోంది.

జూన్ నెలలో విశాఖపట్నం నుంచి పృథ్వీ అనే కుర్రాడు వచ్చాడు. ఒక స్వచ్ఛంద సంస్థ మనిషి. ఒకటో తరగతిలో ముప్పై మందిని ఏరుకుని, పొద్దున్న బెల్లు నుంచి సాయంత్రం బెల్లు దాకా ఒక్క ఇంగ్లీషులోనే ఉంచుతారట. టీచర్ని వాళ్ళే పంపుతారు. బడి ఇవ్వాల్సింది ఒక్క గది.

కబురు మా ఇంటికి నాకంటే ముందే చేరింది. నేను చెప్పులు విప్పేలోపే మా ఆవిడ ఝాన్సీలక్ష్మి అందుకుంది.

"ఆ ముప్పైలో మన పిల్ల ఉంటాదా?"

"ఇంకా ఏటీ తేల్లేదే."

"తేలకపోతే నాను తేలుత్తాను. ఇంగ్లీసు గది లేదంటే సోమవారం నుంచి కాన్వెంటు వేనెక్కించేత్తాను. మీ ఛైర్మన్‌గిరీ మీరే ఏలుకోండి."

ఏలుకోవడానికి ఏమీ మిగలదని ఆవిడకి తెలుసు. పిల్ల బడి మారితే పదవి ఆ రోజే పోతుంది. పదవి పోతే పోనీ. మూడేళ్ళు జనం గుమ్మాల్లో నిలబడి "మా పిల్ల కూడా అక్కడే చదువుతాది" అని చెప్పిన మాట పోతుంది. నా వ్యాపారంలో సరుకు ఒకసారి పాడైతే మళ్ళీ కొనుక్కోవచ్చు. మాట పాడైతే మరో చోట దొరకదు.

పృథ్వీ నన్ను కారెక్కించి, వాళ్ళు అప్పటికే నడుపుతున్న ఒక బడికి తీసుకెళ్ళాడు. పిల్లలు ఇంగ్లీషులో దండం పెట్టారు, పాట పాడారు, వానెలా కురుస్తుందో చెప్పారు. నా ఒళ్ళు పులకరించింది. దారిలోనే సంతకం పెట్టేద్దామనుకున్నాను.

ఇక్కడ నా తప్పు చెప్పుకోవాలి. పిక్క కొనేటప్పుడు బస్తా మధ్యలోకి చెయ్యి పోనిచ్చి గుప్పెడు తీస్తాను. ఒక్కొక్కటీ కత్తిరించి లోపలి పప్పు చూస్తాను. ఆ తరవాతే ధర నోట్లోంచి వస్తుంది. ఇరవై రెండేళ్ళుగా అదే పద్ధతి. ఆ బడిలో మాత్రం పైన పేర్చిన సరుకు చూసి బేరం ఖాయం చేసుకొచ్చాను. పైగా అక్కడ గదికి పాతిక మంది. మా ఒకటో తరగతిలో అరవై నాలుగు మంది. అదీ లెక్క వెయ్యలేదు.

మర్నాడు తీర్మానం రాయించడానికి బడికి వెళ్ళేసరికి మధ్యాహ్నం భోజనాలు జరుగుతున్నాయి. వంట చేసే మహాలక్ష్మమ్మ వడ్డిస్తోంది. ఆవిడది ఇచ్ఛాపురం దగ్గర. తెలుగెంతో ఒడియా అంతే. నేను వరసకి అడ్డంగా నిలబడ్డట్టున్నాను, రెండో తరగతి పిల్ల ఒకర్తె పళ్ళెంతో నన్ను పొడిచింది.

"మావా, పక్కకి జరుగు. సాంబారు మీద పడితే నా పూసీ కాదు."

"ఎవరమ్మాయివే నువ్వు?"

"జయశ్రీని. మాయమ్మ పిక్కల ఫ్యాక్టరీకెల్తాది. మాది బరంపురం అవతల."

"ఒడియా పిల్లవా! తెలుగు ఇంత గడగడా మాటాడతన్నావేటి?"

"నువ్వు ఒడియా మాటాడు సూద్దుం," అంది పళ్ళెం నడుము మీద పెట్టుకుని.

వరసంతా నవ్వింది. దాని వెనకాల కుర్రాడు నవ్వలేదు. ఢిల్లీబాబు, మూడో తరగతి. వాళ్ళదీ బరంపురం వైపే. ఏం కావాలిరా అంటే వేలితో గుడ్డు చూపించాడు. నోరు తెరవలేదు.

"ఆడంతే బాబూ," అంది మహాలక్ష్మమ్మ. "మూడేళ్ళయి ఎనకాల గోడకానుకొని కూకుంటన్నాడు. ఏటి వింటన్నాడో ఆ దేవుడికే తెలవాల."

"మరి ఇదెలగ నేర్చింది?"

"దీని తల్లి తెల్లారగట్లే పనిలోకెలిపోద్ది. పిల్లని నా పొయ్యికాడ దించేసి పోద్ది. కూర తరుగుతా దీంతో వాగుతానే ఉంటాను. ముందు ఒడియా, ఎంటనే తెలుగు. ఇలాటోళ్ళు తొమ్మండుగురున్నారు."

అప్పుడు తట్టింది. పృథ్వీ అమ్ముతున్న సరుకు మా బడిలో ఎప్పటినుంచో ఉంది. ఇంట్లో లేని భాషలో పిల్లని పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా కూర్చోబెట్టడమే కదా! ఒడియా పిల్లలకి మేం చేస్తున్నది అదే. దానికి పేరు పెట్టలేదు, బోర్డు కట్టలేదు, అంతే. ఫలితం మాత్రం కళ్ళముందే ఉంది. కత్తిరించి చూడడమే తరువాయి.

హెడ్మాస్టరు జగదీశ్వరరావుగారిని రిజిస్టరు అడిగాను. ఒడియా పిల్లలు మొత్తం ఇరవై మూడు మంది. ఒక్కొక్కరినీ పిలిచి ఒకటే ప్రశ్న: పొద్దున్న లేచిందగ్గర్నుంచి బడికొచ్చేదాకా ఏం జరిగిందో తెలుగులో చెప్పు.

"ఇదేం పరీక్షండీ మన్మథరావుగారూ? మన రూల్సులో లేదు."

"లేదు కాబట్టే పిల్లలు దీనికి బట్టీ పట్టి రాలేదు మాస్టారూ."

సాయంత్రానికి తేలింది. పొయ్యి దగ్గర పెరిగిన తొమ్మండుగురిలో ఎనిమిది మంది కథలు కథలుగా చెప్పారు. ఒకడు కుక్క తరిమిన సంగతి రెండుసార్లు చెప్పాడు. మిగిలిన పద్నాలుగు మందిలో చెప్పగలిగింది ముగ్గురు. బడి ఒకటే, టీచర్లూ వాళ్ళే. పక్కన కూర్చుని మాట్లాడే మనిషి ఉంటే పిల్ల భాషలో ఈదింది. లేకపోతే వెనక వరసలో మునిగింది.

శనివారం మీటింగు పెట్టాం. పృథ్వీ వచ్చాడు. ఝాన్సీలక్ష్మి ఆడవాళ్ళ ముందు వరసలో కూర్చుంది. నేను లెక్క చెప్పాను. ముప్పై మందికి గదిస్తే నాలుగో తరగతి కూడా వరండాలోకి వస్తుంది. నాలుగు, ఐదు కలిపి డెబ్బై రెండు మంది. ఒకటో తరగతిలో ఎంపిక కాని ముప్పై నలుగురు ఉన్నచోటే ఉంటారు. ఒడియా పిల్లల ఫలితం కూడా చెప్పాను.

నా మాట పూర్తికాకముందే పోలయ్య లేచాడు. ఆటో నడుపుతాడు. కొడుకుని నా మాట మీదే కాన్వెంటు మాన్పించాడు.

"లెక్కలు బాగున్నాయి బావా. నీకేటి, ఈ గది లేకపోతే కాన్వెంటు వేను నీ గుమ్మంలోకొత్తాది. మా పిల్లలకొచ్చింది నువ్వెందుకు ఆపుతావు?"

అందరూ ఝాన్సీలక్ష్మి వైపు చూశారు. ఇంట్లో అన్న మాట వీధంతా తెలుసు. ఆవిడ నా వైపు చూసింది. ఇంటికెళ్ళి మాట్లాడుకుందామనే వీలు లేదు.

"మా నీలిమ ఈ బడి మారదు," అన్నాను. "నాను సెప్పే పద్ధతిలోనే చదువుతాది. ఫలితం తేలేది ముందు నా పిల్ల మీదే."

తరవాత పృథ్వీ వైపు తిరిగాను.

"బాబూ, మాకు కావాల్సింది మీ టీచరమ్మ. గది కాదు. అరవై నాలుగు మందినీ నాలుగు జట్లు చేస్తాం. జట్టుకి పదహారు మంది, మధ్యాహ్నం భోజనాలయ్యాక నలభై నిమిషాలు. ఆవిడ ఇంగ్లీషులోనే మాట్లాడనీ. పక్కన మహాలక్ష్మమ్మ కూర్చుంటాది. అర్థం కాని పిల్ల చెవిలో తెలుగో ఒడియానో చెప్తాది. పొద్దున్న బెల్లుకి ముందు ఒక గంట ఒడియా పిల్లలందరూ మహాలక్ష్మమ్మ దగ్గరే."

"సార్, మా పద్ధతిలో వేరే భాష వినపడకూడదు. అందుకే గది అడిగేది."

"ముప్పై మందికి వినపడకుండా ఉండడానికి డెబ్బై రెండు మంది ఎండలో కూర్చోవాలా?"

"పోనీ ఈ జట్లని ఎక్కడ కూర్చోబెడతారు?"

"వరండాలో. ఐదో తరగతిని నేను పిక్క ఎండబెట్టే కళ్ళం పక్క రేకుల షెడ్డులో పెడదాం. రోడ్డు దాటితే అదే."

ఝాన్సీలక్ష్మి నవ్వు ఆపుకోవడం కనిపించింది. ఆ షెడ్డులో పిక్క బస్తాలు జరిపి తన రోలు పెట్టుకోవడానికి ఏడాదిగా అడుగుతోంది, నేను ఇవ్వలేదు.

పృథ్వీ బయటికెళ్ళి చాలాసేపు ఫోన్లో మాట్లాడాడు. వచ్చి, "డిసెంబరు దాకా చూస్తారట సార్. ఫలితం లేకపోతే టీచర్ని వెనక్కి పిలిచేస్తారు," అన్నాడు.

ఇంటికొచ్చాక ఝాన్సీలక్ష్మి గడువూ అదే అయింది.

"నలుగురిలో మీ మాట తీసెయ్యకూడదని ఊరుకున్నాను. డిసెంబరులో పరీచ్చ నాను పెడతాను. మీ మాస్టారు కాదు. పిల్ల ఎప్పుడూ సూడని పుస్తకం తెత్తాను. నాలుగు లైన్లు సదవాల, అర్థం సెప్పాల. లేదంటే వేనే."

"ఒప్పుకున్నాను," అన్నాను. కొనేవాడు సరుకు కత్తిరించి చూస్తానంటే కాదనకూడదు.

బేరం కుదిరినంత సులువుగా పని నడవలేదు. మొదటి నెల టీచరమ్మకీ మహాలక్ష్మమ్మకీ పడలేదు. "నేను వాక్యం పూర్తిచెయ్యకముందే ఈవిడ అర్థం చెప్పేస్తోంది" అని ఒకరు, "పిల్ల తెల్లమొహం ఏసుకుని సూత్తంటే నోరెలగ మూసుకుంటాను" అని ఇంకొకరు. పిల్ల చెయ్యెత్తితేనే చెవిలో చెప్పాలని మాస్టారు తేల్చారు. జూలైలో పోలయ్య కొడుకుతో సహా ఒకటో తరగతిలో ఆరుగురు కాన్వెంటుకి వెళ్ళిపోయారు. నేను ఎవరి గుమ్మానికీ వెళ్ళలేదు. డిసెంబరు రాకుండా చూపించడానికి నా దగ్గర సరుకు లేదు.

డిసెంబరు రెండో ఆదివారం ఝాన్సీలక్ష్మి పక్కింటి వరుణ్ దగ్గర కాన్వెంటు పుస్తకం అడిగి తెచ్చింది. మధ్యలోంచి ఒక పేజీ తెరిచింది. ఆ పద్ధతి నేను నేర్పలేదు. నీలిమ వేలుపెట్టి చదివింది. నెమ్మదిగానే చదివింది, వరుణ్ అయితే ఆపాటికి పేజీ తిప్పేసేవాడు. మూడు లైన్లు చదివి ఏనుగు, నది, పడవ అని కథ చెప్పింది. నాలుగో లైన్లో ఒక మాట దగ్గర ఆగి తలెత్తింది.

"దీనికేటి అర్థమే అమ్మా?"

ఆవిడ పుస్తకం దగ్గరికి లాక్కుని చూసింది. నా వైపు చూసింది. నాకూ తెలీదు. నీలిమ మిగతా లైను చదువుకుని, "పడవ తిరగబడిపోయినట్టుంది," అంది. బొమ్మలో పడవ బోర్లా పడే ఉంది.

ఝాన్సీలక్ష్మి పుస్తకం మూసింది. "వేను వద్దులెండి. ఏప్రిల్లో మళ్ళీ పెడతాను."

ఆ నెలాఖరుకి తేలిన లెక్క ఇది. పోయినవి: ముప్పై సీట్ల గది, రేకుల షెడ్డు, ఆరుగురు పిల్లలు. వచ్చినవి: ఒకటో తరగతిలో మిగిలిన యాభై ఎనిమిది మందిలో నాలుగు లైన్లు చదివి అర్థం చెప్పగలవాళ్ళు నలభై ఒక్క మంది. మా పిల్ల అందులో మొదటిదేం కాదు, ఇరవయ్యో చోట ఎక్కడో ఉంది. నాలుగో తరగతి ముప్పై ఎనిమిది మందీ గదిలోనే ఉన్నారు. టీచరమ్మని మార్చి దాకా ఉంచుతామని కాగితం వచ్చింది. జూన్‌లో నోరు తెరవని పన్నెండు మంది ఒడియా పిల్లల్లో ఎనిమిది మంది మాట్లాడుతున్నారు. ఢిల్లీబాబు తరగతిలో వాగుడు ఆపడం లేదని మాస్టారు నా దగ్గరికి ఫిర్యాదు తెచ్చారు. దాన్ని వచ్చినవాటిలోనే వేసుకున్నాను.