చండి మడి

తెల్లారినప్పటి నుంచి కస్దికి కాలు ఒకచోట నిలవడం లేదు. పురావస్తు శాఖ అధికారి హెందార్తో వచ్చి మడిగట్టు మీదే తిష్ట వేశాడు. జావాలో చండి అంటే పాతకాలపు రాతిగుడి. ఈ పొలాన్ని ఊరంతా చండి మడి అంటారు. గుడి ఉందని తేలితే తవ్వకాలంటారు, మడి చెయ్యి జారిపోతుంది. కస్దికి ఉన్నదల్లా అదొక్కటే. అందుకే మడి మూలనున్న రాతిని నిన్ననే బురదతో కప్పేసి, పైన గడ్డి పరిచాడు.

"ఆ పేరెలా వచ్చిందయ్యా?" అడిగాడు హెందార్తో.

"మా తాత గేదె పేరండీ. మహా పెంకిది!"

హెందార్తో నవ్వాడు. "చండిక అనే అమ్మవారి పేరు నుంచి వచ్చిందంటారు చదువుకున్నవాళ్లు. గేదె సంగతి ఎవరూ చెప్పలేదే!"

అంతలో కస్ది భార్య పైనెమ్ తట్ట పట్టుకొచ్చింది. కొబ్బరన్నం, ఉడికిన గుడ్డు, గులాబీ రేకులు. కోతల మొదటిరోజు వరితల్లికి అవి పెట్టందే ఎవరూ కంకి తెంపరు. అత్తగారి కాలం నుంచీ పెట్టేది ఆ రాతి ముందే.

"ఇవాళ్టికి గట్టు మీద పెట్టెయ్యవే," గొణిగాడు కస్ది.

"నీకు గుమ్మంలో అన్నం పెడితే తింటావా? ఆవిణ్ణడక్కుండా కోస్తే ఆ బియ్యం నేను వండను."

కూలికొచ్చిన ఆడవాళ్లు వేళ్ల సందున చిన్న కత్తులు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. ఎండ ముదురుతోంది. పండిన గింజలు రాలిపోతున్నాయి. కస్ది గట్టంతా రెండుసార్లు తిరిగొచ్చాడు. పైనెమ్ తట్ట దించలేదు.

అతనికి ఏడుపొచ్చింది. వెళ్లి గడ్డి లాగేసి, రెండు చేతులా బురద తోశాడు. ముందు ఒక రాతి చెయ్యి, తర్వాత ఎనిమిది చేతులూ బయటపడ్డాయి. అమ్మవారి పాదాల కింద దున్నపోతు.

"గేదె ఉందన్నమాట," అన్నాడు హెందార్తో నెమ్మదిగా. ఈసారి నవ్వలేదు.

పైనెమ్ తట్ట దించి దణ్ణం పెట్టింది. కస్ది మొదటి కంకి తెంపి అమ్మవారి పాదాల దగ్గర ఉంచాడు.

"రాసుకోండయ్యా," అన్నాడు. "ఈవిణ్ణి పట్టుకెళ్తే వచ్చే ఏడు మొదటి కంకి ఎవరికివ్వాలో, అదీ రాయండి."

హెందార్తో కలం మూసి జేబులో పెట్టుకున్నాడు.

"ముందు కోత కానీ," అన్నాడు.