చోటుంది, లోపలికి జరగండి

కండక్టరమ్మ ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒక్క అబద్ధమూ ఆడలేదంటే అదే పెద్ద అబద్ధం. సంచి నిండా చిల్లర పెట్టుకుని లేదనేది. దిగబోయే స్టాపు ఇంకా రాలేదని నిద్రమొహాలను జోకొట్టేది. కానీ కండక్టర్లందరూ ఆడే అసలు అబద్ధం ఒకటుంది. "వెనకాల ఖాళీ బస్సు వస్తోంది, అందులో ఎక్కండి!" ఆ మాట మాత్రం ఆవిడ నోట ఏనాడూ రాలేదు. వెనకాల ఏ బస్సూ రాదని చెప్పేవాళ్ళకు తెలుసు, వినేవాళ్ళకూ తెలుసు. అయినా పిచ్చిజనం మెడలు సాచి రోడ్డు కేసి చూస్తూ నిలబడిపోతారు. ఆ మెడలు చూడటం ఆవిడ వల్ల అయ్యేది కాదు.

అందుకే బస్సు ఎంత కిక్కిరిసినా సరే, "చోటుంది, లోపలికి జరగండి! జరగండయ్యా, అక్కడేం నాటుకున్నారు? నాయనా, ఆ మూట కాళ్ళ సందున పెట్టుకో!" అని గొంతు చించుకుని ఇంకొకరిని ఎక్కించేది. అప్పటికీ సర్దుకోకపోతే డ్రైవరన్న ఉండనే ఉన్నాడు. చిన్నగా ఒక బ్రేకు తొక్కేవాడు. జనం తిట్టుకుంటూ ముందుకు తూలేవాళ్ళు, వెనకాల నలుగురికి చోటు దొరికేది.

రిటైరయ్యాక ఆ గొంతూ ఆ బుద్ధీ రెండూ కుక్కల మీదికి మళ్ళాయి. వచ్చిన డబ్బుతో మూతబడ్డ టైర్ల షెడ్డొకటి కొన్నది. వెనక గదిలో తాను, ముందంతా కుక్కలు. వీధుల్లో కాళ్ళు విరిగినవీ, ఒళ్ళు కాలినవీ, గజ్జి పట్టినవీ ఒక్కొక్కటే వచ్చి చేరాయి. భార్య పోయాక ఇంట్లో ఏమీ తోచక డ్రైవరన్నా వచ్చి చేరాడు. పెద్ద గిన్నెతో అన్నం వండటం ఆయన పని. పేర్లు పెట్టడం ఆవిడ పని. ఎవరొచ్చినా జేబులు వాసన చూసేవాడు చెకింగు. కిటికీ కింద చోటు ఎవరికీ ఇవ్వకుండా గుర్రుమనేది రిజర్వేషను. అన్నం పెట్టాక తీరిగ్గా వచ్చి, ఖాళీ గిన్నె చూసి ఏడ్చేవాడు లాస్టుబస్సు.

వీళ్ళందరి తర్వాత వచ్చినవాడు ఫుట్‌బోర్డు. లారీ కింద పడితే ముందు కాలు తీసేశారు. ఎంత కసిరినా లోపలికి రాడు, బయటికీ పోడు. గడప మీద సగం ఇటూ సగం అటూ వేలాడుతూ పడుకుంటాడు. ఎవరైనా వచ్చారంటే మాత్రం అందరికన్నా ముందు మూడు కాళ్ళ మీద గెంతుకుంటూ వెళ్ళి, మూతి నాకి, తోకతో నడుమంతా ఊపేసి మరీ లోపలికి తీసుకొస్తాడు. కండక్టరమ్మ తనకు అన్ని కుక్కలూ ఒకటేనని పైకి చెప్పేది. ఉత్తమాట. వాడంటే ఆవిడకు ప్రాణం.

వాణ్ణి చూడటానికి వచ్చిన డాక్టరమ్మ ఆ రోజే తేల్చి చెప్పింది. "వీడికి ఇప్పుడే టీకా వెయ్యలేనండీ. ఒంట్లో పిసరంత కండ లేదు. గాయం మానాలి, కాస్త కోలుకోవాలి. అందాకా కొత్త కుక్క గాలి కూడా వీడికి సోకకూడదు. అసలు మీకు ఒక వేరుగది ఉండాలి. వచ్చినవాటిని వచ్చినట్టు ఇందులో కలిపేస్తారేంటి? ఒకదానికి జబ్బుంటే అందరికీ అంటిస్తుంది."

"కట్టిస్తాను డాక్టరమ్మా."

"కట్టించేదాకా కొత్తవాటిని ఎక్కించుకోకండి. మీ సంగతి నాకు తెలుసు."

కండక్టరమ్మ బుద్ధిగా తల ఊపింది. ఆ ఊపుడుకు డ్రైవరన్న అటు తిరిగి నవ్వుకున్నాడు.

గది అంటే మాటలా? పక్కనున్న ఖాళీ జాగాలో నాలుగు గోడలూ రేకుల కప్పూ వేసినా ఆవిడ పెన్షను ఏ మూలకు? విరాళాలకు బయల్దేరింది. ఒక ఇంటావిడ, "మనుషులకే దిక్కులేదు, కుక్కలకు మేడలా?" అన్నది. ఆవిడ మనుషులకు మాత్రం ఏం పెట్టిందో ఎవరికీ తెలీదు. ఒకాయన అరగంట కూర్చోబెట్టి తన మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పి, మంచినీళ్ళిచ్చి పంపాడు. ఇంకొకాయన పాత దుప్పటి ఇచ్చాడు. దాన్ని చూసి లాస్టుబస్సే పక్కకు తప్పుకున్నాడు.

ఆవిడ తమ్ముడి కూతురు ఫోన్ల షాపులో పనిచేస్తుంది. సాయంత్రాలు కుక్కల పుళ్ళకు మందు పుయ్యడానికి వచ్చేది. "అత్తా, ఈ రోజుల్లో డబ్బా పట్టుకుని గడపగడపా తిరిగితే ఎవరిస్తారు? వీడియో పెడదాం. వీణ్ణి చూపిద్దాం. నువ్వు రెండు ముక్కలు మాట్లాడు చాలు" అన్నది.

ఫుట్‌బోర్డు గెంతుకుంటూ వచ్చి ఫోనునే నాకబోయాడు. ఆవిడ గది సంగతి చెప్పింది, డబ్బు అడిగింది. అక్కడితో ఆపి ఉంటే బావుండేది. ఊపులో పాత గొంతు తన్నుకొచ్చింది. "ఏ ప్రాణినీ వెనక్కి పంపం! చోటుంది, లోపలికి జరగండి!"

"ఆ చివరి మాట అదిరింది అత్తా!" అని మేనకోడలు చిరునామా, ఫోను నంబరు కూడా కింద వేసి వదిలింది. అడుసు తొక్కడమంటే అదే. తొక్కేటప్పుడు చల్లగానే ఉంటుంది.

వీడియో ఊరంతా తిరిగింది. ఫోనులో దణ్ణాలు పెట్టే బొమ్మ చేతులు వందలు వందలు వచ్చాయి. ఆ చేతులన్నీ తలొక ఇటుక మోసినా గది ఎప్పుడో లేచేది. డబ్బు మాత్రం చుక్కచుక్కగా రాలింది. వరదలా వచ్చినవి కుక్కలు.

మొదట కారులో ఒక జంట దిగింది. "ఇల్లు మారుతున్నామండీ. మీ వీడియో చూసి మా ఆవిడ రాత్రంతా ఏడ్చింది. దీన్ని మీకే ఇచ్చేద్దామని" అంటూ బొద్దుగా ఉన్న తెల్లకుక్కను దానం చేస్తున్నట్టు చేతిలో పెట్టాడాయన.

"అయ్యో, మేం అడిగింది గదికి సాయం బాబూ! కొత్తవాటిని తీసుకోవద్దని డాక్టరుగారు..."

"చోటుందని మీరే కదండీ చెప్పారు?"

బస్సులో ఎంతటివాణ్ణయినా కడిగేసిన మనిషి, కుక్కను తిరిగి ఇచ్చెయ్యబోయింది. తెల్లకుక్క ఆవిడ మొహంలోకి చూసింది. ఇంకేముంది, ఎక్కించేసుకుంది.

ఆ తర్వాత రోజూ ఎవరో ఒకరు. చుట్టుపక్కల చోటంతా తాళ్ళూ గిన్నెలూ అయిపోయింది. గదికని వచ్చిన డబ్బు అన్నానికీ మందులకూ కరిగిపోయింది. గది కోసం వీడియో పెడితే, వీడియో వల్ల వచ్చినవాటికి గది సరిపోయేలా లేదు. ఒక మధ్యాహ్నం గిన్నె కడుగుతూ డ్రైవరన్న మెల్లగా అన్నాడు. "చెల్లెమ్మా, బస్సెక్కినవాడు ఎక్కడో అక్కడ దిగిపోతాడు. అందుకే మన ఆట సాగింది. వీళ్ళు దిగరు. తొక్కుదామంటే ఇక్కడ బ్రేకు కూడా లేదు."

"ఊరుకో అన్నా, నీ నోట మంచిమాట రాదు కదా!" అని కసిరింది గానీ, ఆ రోజు ఆవిడకు ముద్ద దిగలేదు.

ఒక్క పని మాత్రం గట్టిగా చేసింది. ఫుట్‌బోర్డును తన గదిలో పెట్టి, గుమ్మానికి అడ్డంగా మంచం వేసింది. వాడు గడప కోసం ఏడ్చాడు. గోడకు మొహం పెట్టి అలిగాడు. "ఇంకొన్నాళ్ళురా నాన్నా, టీకా వేయించుకుంటే నీ గడప నీదే" అని బతిమాలింది. వాడికి కండ పడుతోంది. వచ్చే వారం వేసేద్దామని డాక్టరమ్మ కూడా అన్నది.

ఆ వారం లోపే ఒక పొద్దున ఎవరో గేటు ముందు అట్టపెట్టె వదిలిపోయారు. ఆవిడ నీళ్ళ బిందె లోపల పెట్టడానికి మంచం కాస్త జరిపింది. బిందె దించి తిరిగి చూసేసరికి వాడు లేడు. గేటు కంతలోంచి తల దూర్చి, పెట్టెలోని పిల్లల మొహాలు నాకుతున్నాడు. వచ్చినవాళ్ళకు స్వాగతం చెప్పడం వాడి డ్యూటీ కదా! పరుగున వెళ్ళి వెనక్కి లాగింది. పెట్టెలో మూడు కూనలు. ఒకదానికి కళ్ళు పుసులు కట్టి అంటుకుపోయి ఉన్నాయి.

"ఒక్క నిమిషమే కదా" అనుకుంది. రోజంతా అదే అనుకుంది.

డాక్టరమ్మ వచ్చి కూనల్ని చూసి మొహం మాడ్చుకుంది. "డిస్టెంపరు, కుక్కల ప్రాణం తీసే జబ్బు. దగ్గినా తుమ్మినా అంటుకుంటుంది. పాతవాటికి ఎప్పుడో టీకా వేశాం, భయం లేదు. మొన్న వచ్చినవాటికి ఇప్పుడే పడింది, ఇంకా పని చెయ్యదు." చుట్టూ చూసి అడిగింది. "ఫుట్‌బోర్డు వీటి దగ్గరికి రాలేదు కదా?"

కండక్టరమ్మ గేటు కంత వైపు చూసింది. డాక్టరమ్మ బోర్లించిన బకెట్టు మీద కూలబడింది.

"మందేమైనా ఉందా అమ్మా?"

"ఉంటే ఇలా కూర్చుంటానా?"

కూనలు మూడూ పోయాయి. ఫుట్‌బోర్డు మాత్రం ఎప్పట్లాగే తోక ఊపుతూ తిరిగాడు. ఆవిడ గంటకోసారి వాడి ముక్కు తడిమేది, కంటిరెప్పలు ఎత్తి చూసేది. ఏమీ లేదు, ఏమీ లేదు అని డ్రైవరన్నతో పదిసార్లు చెప్పేది. ఒక రోజు లేచేసరికి వాడి కళ్ళు అంటుకుని ఉన్నాయి. తర్వాత దగ్గు. తర్వాత అన్నం ముట్టలేదు. ఆ తర్వాత నోట్లో ఏమీ లేకుండానే దవడలు టకటక ఆడటం, ఉన్న మూడు కాళ్ళూ కొట్టుకోవడం మొదలైంది. ఆవిడ ఒళ్ళో పెట్టుకుని అదిమి పట్టుకునేది. పట్టు సడలించగానే మళ్ళీ మొదలు. ఇంత మందిని ఇన్నేళ్ళు మోసుకు తిరిగిన మనిషి, పిడికెడు ప్రాణి వణుకు ఆపలేకపోయింది.

"ఇంక బాధ పడనివ్వకూడదండీ" అన్నది డాక్టరమ్మ.

"గడప మీద పడుకోబెడతాను. వాడికక్కడే ఇష్టం."

సగం ఇటూ సగం అటూ పడుకోబెట్టింది. సూది పడ్డాక వాడి వణుకు ఆగింది, తర్వాత ఊపిరీ ఆగింది. కండక్టరమ్మ బస్సులో కేకలేసిన గొంతంతా పెట్టి ఏడ్చింది. చెకింగు వచ్చి ఆవిడ కొంగు వాసన చూసి, ఒక మూలకు పోయి పడుకున్నాడు.

వెళ్ళే ముందు డాక్టరమ్మ కఠినంగానే చెప్పింది. "గేటు మూసెయ్యండి. నెలన్నర దాకా ఒక్క ప్రాణి లోపలికి రాకూడదు. వస్తే మీ చేత్తో మీరే చంపినట్టు. మీ బట్టలకీ చేతులకీ కూడా అంటుకుని ఉంటుంది, బయట కుక్కల్ని ముట్టుకోకండి. డ్రైవరుగారూ, మీరూ అంతే."

మేనకోడలు ఆ సాయంత్రమే వీడియో తీసేసింది. "తీసేశాను అత్తా. కానీ ఎవరెవరో దాచుకుని మళ్ళీ మళ్ళీ పెడుతున్నారు. నేనేం చెయ్యను?" అని వెక్కి వెక్కి ఏడ్చింది. ఎక్కడెక్కడి ఫోన్లలోనో ఫుట్‌బోర్డు ఇంకా గెంతుతూనే ఉన్నాడు. ఆవిడ గొంతు చోటుంది చోటుందని పిలుస్తూనే ఉంది.

మర్నాడు ఇటుకల లారీ వచ్చి ఆగింది. ముందు సీట్లోంచి సిమెంటు షాపాయన దిగాడు. "గదికి ఎంత పడితే అంత నేనిస్తానమ్మా. వీడియో చూసి మా పిల్లలు నన్ను నిద్రపోనివ్వలేదు. ఏడీ ఆ మూడు కాళ్ళ హీరో? వాడితో ఒక ఫోటో దిగి పంపాలి" అన్నాడు.

డ్రైవరన్న ఆయన్ను పక్కకు తీసుకెళ్ళి చెప్పాడు. మంచి మనిషే పాపం, కళ్ళు తుడుచుకుని, "గదికి వాడి పేరే పెట్టండి" అని ఇటుకలు గేటు బయట దింపించి వెళ్ళాడు. కండక్టరమ్మ గేటు లోపల నిలబడి ఆ ఎర్రటి వరసలను చూసింది. వీటి కోసమే గదా ఇంటింటికీ తిరిగింది! చేతులు కాలాక ఆకులన్నారు. ఇప్పుడు ఆకులు లారీడు వచ్చాయి.

పొద్దు వాలకముందే స్కూటరు మీద ఒకతను వచ్చాడు. వెనకాల తాడుతో ఒక గోధుమరంగు కుక్క, ఇంకా పూర్తిగా ఎదగలేదు.

"చోటు లేదు నాయనా" అన్నది కండక్టరమ్మ. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట అనడం అదే మొదలు.

"వీడియోలో మీరే..."

"లోపల జబ్బుంది బాబూ. వస్తే చస్తుంది. నెలన్నర ఇంట్లో ఉంచుకో, నీ కాళ్ళు పట్టుకుంటా. తర్వాత నేనే ఫోను చేసి తీసుకుంటా."

"అద్దె ఇల్లండీ, ఓనరు ఒప్పుకోడు" అన్నాడతను. తాడు విప్పేసి, "ఇక్కడిక్కడే తిరుగుతుంది లెండి" అని స్కూటరు తిప్పాడు. కుక్క కొంతదూరం వెంట పరుగెత్తింది. అందుకోలేక తిరిగి వచ్చి గేటు ముందు కూర్చుంది.

మేనకోడలు ఫోను మీద ఫోను చేసింది. తన గది ఓనరు కాదన్నాడు. తెలిసినవాళ్ళు చూస్తామన్నారు. డాక్టరమ్మ దగ్గర అన్నీ జబ్బు కుక్కలే. డ్రైవరన్న కొత్త రొట్టె పొట్లం కొస పట్టుకుని గేటు మీదుగా విసిరాడు. అది రొట్టె వైపు చూడలేదు. గేటు కంతలో మూతి పెట్టి, కండక్టరమ్మనే చూస్తూ తోక ఊపింది.

ముట్టుకుందామని చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. ఆ చేతుల్లోనే నిన్న వాడు పోయాడు. చెయ్యి వెనక్కి తీసుకుని, చీర కూడా గేటుకు తగలకుండా ఒక అడుగు వెనక్కి జరిగింది. అవతల రోడ్డు మీద లారీలు రొదగా పోతున్నాయి. లోపలికి రానిస్తే ఒక చావు, బయట ఉంచితే ఒక చావు. అది మాత్రం ఇవేవీ తెలియక, ఎప్పుడు తలుపు తీస్తారా అని చెవులు రిక్కించి కూర్చుంది.

"పోరా" అందామనుకుంది. రాలేదు. గొంతు సవరించుకుంది.

"వెనకాల ఖాళీ బస్సు వస్తోంది నాన్నా" అన్నది కండక్టరమ్మ. "అందులో ఎక్కుదువుగాని."

ఆ గొంతులోని ప్రేమ ఒక్కటే దానికి అర్థమైంది కాబోలు. ఇటుకల పక్కన ఒకసారి చుట్టూ తిరిగి, రోడ్డు కేసి మెడ సాచి పడుకుంది.