మొరెల్ గారి తాత

ఛీ, పొగడ్తకైనా ఓ వావీ వరసా ఉండక్కర్లేదూ! సింగపూర్‌లోని చాంగీ బిజినెస్ పార్కు ఆఫీసులో ఆ ఉదయమంతా నిఖిల టిఫిన్ డబ్బా మూత కూడా తీయలేదు.

ఫ్రాన్సులోని చిన్న చిన్న ఊళ్ళకు వెబ్ పేజీలు తయారుచేయడం ఆమె పని. వెర్లానాక్ అనే బుల్లి ఊరికి ప్రముఖురాలు ఒక్కతే. యుద్ధంలో యూదుల పిల్లల్ని బడి అటక మీద దాచి, జైల్లో కన్నుమూసిన టీచరమ్మ మార్గరీత్.

ఆమె ఫొటో తీసేయమన్నాడు మేనేజర్ కృష్ణప్రసాద్.

"క్లయింట్ మొరెల్‌ది ఆ ఊరే. వాళ్ళ తాత అప్పట్లో మేయరంట. ఆయన్నే పెద్దగా వెయ్యి. తాతని పొగిడితే పొంగిపోని మనవడుంటాడా?"

"ఆవిణ్ణి కూడా ఉంచుదాం సార్."

"చెప్పింది చెయ్యమ్మా. నీ వర్క్ పాస్ రెన్యూవల్ నా చేతిలోనే ఉంది."

పాస్ పోతే ఇక్కడ పీహెచ్‌డీ చేస్తున్న భర్త ప్రణవ్‌ను వదిలి ఇండియా వెళ్ళాలి. అందుకే టీచరమ్మను తీసేసి మేయర్ ఫొటో పెద్దగా పెట్టింది. తన చేతులంటే తనకే రోత పుట్టింది.

మొరెల్ వచ్చాడు. తాతలు నేతులు తాగారని తన మూతి వాసన చూపించే రకం కాదాయన. స్క్రీన్ చూడగానే ముఖం పాలిపోయింది.

"మార్గరీత్‌ను పోలీసులకు పట్టించింది ఇతనే. మా ఇంట్లో ఇతని ఫొటో ఉండదు. ఎవరు పెట్టారిది?"

కృష్ణప్రసాద్ వేలు టక్కున నిఖిల వైపు తిరిగింది. "ఈ అమ్మాయే సార్. కొత్త."

"పెట్టింది నేనే," అంది నిఖిల. "పెట్టమన్నది ఈయన."

మొరెల్ ఇద్దరినీ ఒకే చూపు చూసి బయటికి వెళ్ళిపోయాడు. ఆ చూపు తనకూ తగినదే అనుకుంది నిఖిల. కూర్చుని టీచరమ్మ ఫొటోను మళ్ళీ పైకెక్కించింది.

కృష్ణప్రసాద్ ఆమె కుర్చీ మీదికి వంగాడు. తిడతాడనుకుంది. ఏ ఎండకా గొడుగు పట్టేవాడికి తిట్టే తీరికెక్కడిది?

"ఇదిగో, ఆ టీచరమ్మ ఈయనకేమన్నా మేనత్త వరసవుతుందేమో కనుక్కో. అది రాసేద్దాం, చల్లబడతాడు."

నిఖిల మెడలోని ఆఫీసు కార్డు తీసి అతని కాఫీ కప్పు పక్కన పడేసింది.

ఎక్స్‌పో మెట్రో స్టేషన్‌కు నడుస్తూ ప్రణవ్‌కు ఫోన్ చేసింది. "పాస్ పోయినట్టే," అంది. "ఆకలేస్తోంది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు."