స్టేషను మా వీధికి వద్దు

భక్తవత్సలానికి మైకు పట్టుకోవడం కొత్త కాదు. అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేటులో ఒక కంపెనీకి మేనేజరుగా ఉన్న రోజుల్లో కార్మికులకు నచ్చజెప్పాలన్నా, పెద్దవాళ్ళు వస్తే స్వాగతం పలకాలన్నా ఆయన్నే ముందుకు తోసేవారు. తర్వాత కంపెనీ ఆఫీసు ఊరికి ఆ చివరనున్న షోళింగనల్లూరుకు మారింది. ఇల్లు మాత్రం అంబత్తూరు ఎస్టేటుకు దగ్గరగా, సొంతంగా కట్టుకున్న కాలనీలోనే ఉండిపోయింది. ఆ కాలనీ సంఘానికి ఆయన కార్యదర్శి.

ఆ శనివారం సాయంత్రం కల్యాణ మండపంలో సభ పెట్టింది మెట్రో వాళ్ళు. కొత్త లైను ఒకటి ఇటు వేయాలని ఆలోచన. అది వస్తే స్టేషనుకు ఎక్కే మెట్లూ లిఫ్టూ వీళ్ళ వీధి మొగలో, పార్కు గోడ పక్కన వస్తాయి. జనం ఏమంటారో వినడానికి జీవిత అనే ఇంజనీరు వచ్చి వేదిక మీద కూర్చుంది. మాటలన్నీ తమిళంలోనే నడిచాయి.

"మా కాలనీలో కారు లేని ఇల్లు లేదు," అన్నాడు భక్తవత్సలం. "మాకు రైలుతో పనేముంది? మెట్లు మా వీధిలో పెడితే ఎక్కడెక్కడి జనమో వస్తారు. బండ్లన్నీ మా గేట్ల ముందు నిలబెట్టి పోతారు. స్టేషను మా వీధికి వద్దు. దీంట్లో మాదంతా ఒకే మాట. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళయితే ఇప్పటినుంచే భయపడుతున్నారు."

ఆ చివరి మాట ఆయన అనుకుని వచ్చింది కాదు. ధోరణిలో వచ్చేసింది. చప్పట్లు బాగానే పడ్డాయి. సంఘం అధ్యక్షుడు సుందరరామమూర్తి ఆయన భుజం తట్టి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఆడవాళ్ళు ఎవరైనా మాట్లాడతారా?" అని అడిగింది జీవిత.

గోడవారగా ఉన్న కుర్చీల్లోంచి వైదేహి లేచింది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి మెల్లగా లేచింది. భక్తవత్సలం సుందరరామమూర్తి వైపు వంగి, "మా ఇంటావిడ," అన్నాడు కాస్త గర్వంగానే. తన మాటకు బలం చేకూర్చడానికే లేచిందనుకున్నాడు.

"ఇప్పుడు మాట్లాడింది మా ఆయనే," అంది వైదేహి. ఎవరో నవ్వారు. "మా ఇంట్లో కారున్న మాట నిజం. అది పొద్దున్నే ఆయనతో పోతుంది, చీకటి పడ్డాక ఆయనతో వస్తుంది. నాకు కారు లేదు. నడపడం రాదు. బస్సు ఎక్కాలంటే మెయిన్ రోడ్డు దాకా నడవాలి. ఒకసారి అట్లా నడుస్తుంటే బైకు తగిలి పడ్డాను. అప్పటినుంచి ఒంటరిగా పోవద్దు, నేనే తీసుకుపోతానన్నారు. నా మంచికే అన్నారు."

ఇంట్లో కూరగాయల గురించి చెప్పినట్టే చెప్పుకుపోయింది.

"చింతాద్రిపేటలో మా అక్క తాయారు ఉంది. నిన్ను చూడాలని ఉంది, ఒకసారి రావే, నీతో మాట్లాడాలి అని ఫోన్ చేస్తూనే ఉండేది. ఆదివారం వస్తానక్కా అని నేనూ చెబుతూనే ఉన్నాను. ఇప్పుడు ఆమెకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. నాతో ఏం చెప్పాలనుకుందో నాకు ఇక తెలియదు. ఆ స్టేషనేదో మా వీధి మొగలో ఉండి ఉంటే నేనే పోయి ఉందును. ఎవరినీ అడిగే పని ఉండేది కాదు. నాకు భయమేమీ లేదమ్మా. నన్నెవరూ అడగలేదు, అంతే."

ఆమె కూర్చుంది. చప్పట్లు లేవు. జీవిత తల వంచి ఏదో రాసుకుంటోంది. పక్కింటి జెబకుమార్ భక్తవత్సలం వైపు చూడకుండా ఉండడానికని మండపం తలుపు వైపు ముఖం తిప్పుకున్నాడు. ఆ మర్యాదే ఆయనకు ఎక్కువ గుచ్చుకుంది. చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులోంచి కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు.

మండపం రెండు వీధుల అవతలే అయినా కార్లోనే వచ్చారు. తిరిగి పోయేటప్పుడు మలుపు దగ్గర బండ్లు ఆగిపోయాయి.

"నలుగురిలో నా పరువు తీసినావే," అన్నాడాయన, ముందున్న లారీ వైపు చూస్తూ.

"ఇంట్లో చెప్తే ఇన్నారా మీరు?"

"ఎప్పుడు చెప్పినావు? గట్టిగా ఒక్క తూరి చెప్పుంటే తీసుకపోకుండా ఉంటానా నేను?"

"గట్టిగా చెప్తేనే ఇనపడతాదా మీకు?"

ఇంటికెళ్ళి ఆమె మామూలుగానే ఉప్మా చేసింది, మామూలుగానే పెట్టింది. ఆయనకు పోట్లాడటానికి కూడా ఏమీ దొరకలేదు.

సోమవారం ఎప్పటిలాగే కారు తీశాడు. షోళింగనల్లూరు దాకా ఆ ప్రయాణం గురించి ఆయన ఎవరితోనూ నిజం చెప్పింది లేదు. ఏసీ ఉంది, పాటలు వింటూ హాయిగా పోతానని చెప్పేవాడు. నిజానికి ఆఫీసు చేరేసరికి నడుము పట్టేసేది, బ్రేకు తొక్కీ తొక్కీ కాలు లాగేది. ఇల్లు చేరాక ఎవరైనా పలకరించినా చిరాకే. మహాబలిపురం రోడ్డులో, మధ్యన లేస్తున్న మెట్రో స్తంభాల పక్కన, బండ్లు కదలడం మానేశాయి. చుట్టూ చూశాడు. ఎడమ పక్క కారులో ఒక్కడే. కుడి పక్క కారులోనూ ఒక్కతే. ఒక్కొక్క మనిషిని ఆఫీసుకు చేర్చడానికి ఇంత రోడ్డు, ఇంత ఇనుము. అందులో తానొకడు.

కోపం ఇంకా పోలేదు. ఎప్పుడు చెప్పింది, ఎప్పుడు చెప్పిందని తనలో తాను వాదించుకుంటూ ఆదివారాల్ని గుర్తు చేసుకోసాగాడు. ఒక ఆదివారం వారమంతా కారు నడిపిన అలసటతో మధ్యాహ్నం దాకా పడుకున్నాడు. ఇంకో ఆదివారం కారు సర్వీసుకు ఇచ్చాడు. ఒకసారి బయలుదేరారు కూడా, కోయంబేడు దగ్గర ట్రాఫిక్ చూసి విసుగుపుట్టి వెనక్కి తిప్పేశాడు.

తర్వాత చివరి ఆదివారం గుర్తొచ్చింది.

ఆ రోజు సంఘం వాళ్ళంతా తన ఇంట్లోనే కూర్చున్నారు. స్టేషను వద్దని అధికారులకు ఏం చెప్పాలో మాట్లాడుకోవడానికి. వైదేహి అందరికీ కాఫీలు తెచ్చింది. ఆమె కట్టుకున్నది ఇంట్లో కట్టే చీర కాదు, ఊళ్ళోకి పోయేటప్పుడు కట్టే నీలం పట్టంచు చీర. తల్లో పూలు కూడా పెట్టుకుంది. ఆయన కాఫీ అందుకుంటూ, తల ఎత్తకుండానే, "వచ్చే వారం పోదాంలే," అన్నాడు. ఆమె "సరి" అని ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది. ఆ వచ్చే వారం రాకముందే తాయారు పడిపోయింది.

వెనక నుంచి ఎవరో హారన్ కొట్టారు. ముందు బండి కదిలి ఎంతసేపయిందో. భక్తవత్సలం చేయి గేరు మీదే ఉంది, కానీ ఏం చేయాలో ఒక క్షణం తోచలేదు. మండపంలో కలిగిన సిగ్గు వేరు. అది నలుగురు చూశారన్న సిగ్గు. ఇది ఎవరూ చూడకపోయినా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియని సిగ్గు. అంత కొట్టొచ్చే చీర రంగు కళ్ళెదుటే ఉన్నా చూడలేదే అనుకున్నాడు. చెప్పలేదని ఆమెనే దబాయించాను కూడా.

సంఘం మళ్ళీ కూడినప్పుడు ఆయన అందరికంటే ముందే లేచాడు.

"ఆ పొద్దు నేను చెప్పింది తప్పు," అన్నాడు. "అందరిదీ ఒకే మాటన్నాను. మా ఇంట్లోనే ఒక మాట కాదు. నా అభ్యంతరం నేను వెనక్కి తీసుకుంటా ఉండాను. కార్యదర్శిగా కూడా ఇంకెవరినైనా పెట్టుకోండి."

సుందరరామమూర్తి గోదావరి జిల్లా నుంచి సినిమా పనికని వచ్చి ఇక్కడే స్థిరపడ్డవాడు. నవ్వు దాచుకోలేదు. "ఏవండీ, ఇంట్లో అక్షింతలు గట్టిగా పడ్డట్టున్నాయే మీకు?"

"పడలేదు," అన్నాడు భక్తవత్సలం. "పడుంటే బాగుండు."

ఎవరికీ అర్థం కాలేదు. వాటర్ ట్యాంకు మరమ్మతు సంగతిలోకి వెళ్ళిపోయారు.

మర్నాడు సెలవు పెట్టి జీవిత ఆఫీసుకు పోయి అదే మాట చెప్పాడు. లోపల ఎక్కడో, మెచ్చుకుంటుందన్న ఆశ ఉండింది. ఆమె మర్యాదగానే విన్నది.

"మంచిది సార్. కానీ మీరొక్కరు వద్దన్నారని ఆపం, కావాలన్నారని వేయం. ఇంకా చాలా చూడాలి. అన్నీ కుదిరినా రైలు నడవడానికి ఏళ్ళు పడుతుంది," అంది. తర్వాత, "మేడమ్ వాళ్ళ అక్కగారికి ఎలా ఉంది?" అని అడిగింది.

పక్షవాతం వచ్చిన రోజు ఆసుపత్రి గేటు దగ్గర వైదేహిని దింపి రావడమే తప్ప, తాను మళ్ళీ పోయి చూసింది లేదు.

ఇంటికి వచ్చి, "చింతాద్రిపేటకు పోదామా?" అన్నాడు.

వైదేహి ఆయన ముఖంలోకి చూసింది. "ఈ రోజా? ఆఫీసు?"

"లీవు పెట్టినా. కారు వద్దు. తిరుమంగలం దాకా ఆటోలో పొయ్యి, ఆడ మెట్రో ఎక్కుదాం."

ఆమె చీర మార్చుకుని వచ్చింది. ఏ చీరో చూడటానికి ఆయనకు ధైర్యం చాలలేదు.

తిరుమంగలంలో లిఫ్టు ఉంది. రైల్లో ఆమెకు సీటు దొరికింది. సెంట్రల్‌లో దిగి, పార్క్ టౌన్‌కు నడిచి, వేళచ్చేరి లోకల్ రైలెక్కితే తర్వాతి స్టేషనే చింతాద్రిపేట. అక్కడ లిఫ్టు పని చేయలేదు. ఒక్కో మెట్టూ దిగుతూ ఆమె ఆయన భుజం పట్టుకుంది. నొప్పిగా ఉన్నా ముఖంలో విసుగు లేదు. "ఇంతేనా దూరం," అంది ఒకసారి, తనలో తాను అనుకుంటున్నట్టు. ఆయన వినిపించనట్టే నడిచాడు.

కూవం నది పక్క సందులో, పాత ఇంటి ముందు గదిలో మంచం మీద తాయారు ఉంది. చెల్లెల్ని చూడగానే ఎడమ చేయి పైకెత్తింది. వైదేహి ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని మంచం అంచున కూర్చుంది. ఇద్దరూ ఏడవలేదు. తర్వాత తాయారు చూపు భక్తవత్సలం మీద పడింది. నోరు వంకరపోయి గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. ఆయనకు అర్థం కాలేదు. మళ్ళీ అదే శబ్దం, కిటికీ వైపు చూపు.

"కారు యాడ పెట్టినారని అడగతా ఉండాది," అంది వైదేహి.

ఆ సందులో కారు నిలపడానికి చోటుండదు. ఎప్పుడు వచ్చినా వైదేహిని మొగలో దింపి, పోలీసు వస్తాడేమోనని కార్లోనే కూర్చునేవాడు, త్వరగా రమ్మని ఫోన్ చేసేవాడు. ఈ గదిలో తాను ఆఖరిసారి ఎప్పుడు కూర్చున్నాడో ఆయనకు గుర్తు లేదు.

"తీసుకరాలేదు వదినా," అన్నాడు. "రైల్లో వచ్చినాము."

తాయారు ఆయన్నే చూస్తూ, ఎడమ చేత్తో గోడ దగ్గరున్న ప్లాస్టిక్ కుర్చీని చూపింది. ఆయన దాన్ని మంచం దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. క్షమించమని అడిగితే ఆమె ఏం చెప్పగలదు? వైదేహి అక్క జుట్టు విప్పి, దువ్వెన తీసుకుని మెల్లగా చిక్కు తీస్తూ, ఇంటి సంగతులు ఒక్కొక్కటే చెప్పసాగింది. మధ్యాహ్నం అన్నాల వేళ దాటినా ఆయన లేవలేదు, పోదామనలేదు. తల వంచుకుని అలాగే వింటూ కూర్చున్నాడు.