కుడి భుజం నొప్పి

మా ఆయన కటింగ్ మాస్టర్. పాతికేళ్ళుగా పెద్ద కత్తెరతో గుడ్డ కోస్తూనే ఉన్నారు. అందుకే కుడి భుజం నొప్పి అన్నప్పుడు నేను కత్తెరనే తిట్టాను.

దానికి సాన పట్టించాను. బల్ల ఎత్తు పెంచాను. రోజూ మందు రాసి, ఇస్త్రీపెట్టెతో వేడిచేసిన గుడ్డ భుజానికి అద్దాను. చివరికి కత్తెర లాక్కుని కటింగ్ నేనే మొదలుపెట్టాను. నాలుగు చొక్కాలు చంకల దగ్గర తేడా కొట్టాయి గానీ నొప్పి మాత్రం తగ్గలేదు. ముట్టుకోని కత్తెర నొప్పి ఎలా తెస్తుందో నా బుర్రకు తట్టలేదు. కడుపునిండా తిన్నాకే వస్తోందని గమనించి కూడా, తిని కూర్చుంటే ఒళ్ళు బరువెక్కదా అని ఆయన్నే దెప్పాను.

మూడో నెలలో జ్వరం, వాంతులు పట్టుకున్నాయి. ఆసుపత్రిలో డాక్టరమ్మ భుజం జోలికే పోలేదు. కుడి పక్కటెముకల కింద నొక్కింది. ఆయనకు ఊపిరి మధ్యలోనే ఆగిపోయింది. వెంటనే స్కానింగ్ తీయించి, అది చూశాక అడిగింది.

"పొట్ట మీద ఈ పాత కుట్లేమిటి?"

"మా పెళ్ళయిన కొత్తలో అల్సర్‌కు ఆపరేషన్ చేశారు. యాసిడ్ తగ్గాలని ఏదో నరం కోశారట."

"ఆ నరం పిత్తాశయానికీ వెళ్తుందమ్మా. అది తెగితే కొందరికి ఆ సంచి సరిగ్గా ముడుచుకోదు. పిత్తం లోపలే నిలవుండి రాళ్ళు కడుతుంది. ఇప్పుడు సంచి బాగా వాచింది."

"మరి భుజం ఎందుకు నొప్పి?"

"సంచి పక్కనుంచి పోయే నరం, భుజం నరాలు మెడ దగ్గర ఒకచోటే కలుస్తాయి. నొప్పి ఎక్కడిదో ఒంటికి తేడా తెలియదు."

ఒంటికే తెలియనిది నాకెలా తెలుస్తుందని సర్దిచెప్పుకోబోయాను. కుదరలేదు. మూడు నెలలు ఆ భుజం పిసుకుతూ కూర్చున్నది నేనే.

ఆ సంచి తీసేసే ఆపరేషన్ మర్నాడు పొద్దున అన్నారు. సెలైన్ ఎక్కుతున్నంతసేపూ ఆయన మూలుగుతూనే ఉన్నారు. మధ్యాహ్నం మూడింటికి మూలుగు ఆగింది.

"పోయిందే. భుజమూ లేదు, కడుపూ లేదు," అన్నారు నవ్వుతూ. "కోత అక్కర్లేదని చెప్పు. ఇంటికెళ్దాం. నువ్వు కోసిన చొక్కాలు ఎవడేసుకుంటాడు?"

ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో. కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళి నర్సుకు చెప్పాను. ఆమె నవ్వలేదు. వచ్చి నాడి చూసి ఫోన్ అందుకుంది. ఐదు నిమిషాల్లో డాక్టరమ్మ వచ్చి కడుపు తడిమి, ఆపరేషన్ ఇప్పుడే చేయాలంది.

"నొప్పి తగ్గింది కదమ్మా," అన్నాను.

ఆమె నన్ను పక్కకు తీసుకెళ్ళి గొంతు తగ్గించింది. "సంచి కుళ్ళుతున్నట్టుంది. అందులోని నరాలు చచ్చిపోతే నొప్పి తెలియదు."

అప్పటికే స్ట్రెచర్ కదిలింది. నేను పక్కనే పరుగెత్తాను.

"ఏమండీ, కొంచెమైనా నొప్పి ఉందా? సరిగ్గా చూసుకుని చెప్పండి."

"లేదంటే నమ్మవేం," అన్నారాయన, హాయిగా కళ్ళు మూసుకుంటూ.